ప్లాట్ బ్రదర్స్ అండ్ కంపెనీ

ప్లాట్ బ్రదర్స్ అండ్ కంపెనీ 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరుపొందిన వస్త్రపరిశ్రమ యంత్రాల తయారీ సంస్థ. ఇంగ్లాండులో మాంచెస్టరు నగరానికి ఈశాన్యంగా సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓల్డ్‌హామ్ పట్టణం దీని కేంద్రం. పత్తి నుండి గింజలను వేరుచేసే జిన్ను, దూదిని ఏకే యంత్రం, నూలు వడికే యంత్రం, మరమగ్గం - ఇలా పత్తి వస్త్రంగా మారే దాకా అవసరమయ్యే యంత్రాలన్నిటినీ ఈ సంస్థ తయారుచేసి దేశదేశాలకు అమ్మేది. 1770లో ఒక కమ్మరి కొలిమితో మొదలైన ఈ సంస్థలో 1890ల నాటికి సుమారు 12,000 మంది పనిచేసేవారు. 1982లో మాతృసంస్థ రిసీవరు చేతికి వెళ్ళడంతో ఓల్డ్‌హామ్‌లో ప్లాట్ చరిత్ర ముగిసింది.

పల్నాడు, గుంటూరు ప్రాంతాల పత్తి రైతులకు ఈ పేరు పరిచయం లేకపోవచ్చు. అయితే నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట ప్రాంతాల జిన్నింగు మిల్లులలో నేటికీ కనిపించే రోలరు జిన్నును పెద్దఎత్తున తయారుచేసి, భారతదేశంలో వ్యాప్తిలోకి తెచ్చిన సంస్థలలో ప్లాట్ ముఖ్యమైనది. సంస్థ కనుమరుగైనా, అది అమ్మిన యంత్రం తీరు మాత్రం నిలిచిపోయింది.

తొలి రోజులు

హెన్రీ ప్లాట్ అనే కమ్మరి యార్క్‌షైర్‌లోని శాడిల్‌వర్త్ ప్రాంతానికి చెందిన డాబ్‌క్రాస్ గ్రామంలో నివసించేవాడు. ఆ కొండ పల్లెలలో ఉన్నిని ఏకి, వడికి, నేయడం ఇంటింటి వృత్తి. హెన్రీ ప్లాట్ 1770లో ఉన్నిని ఏకే సాధనాలను తయారుచేయడం మొదలుపెట్టాడు. అదే కుటుంబంలో అదే పేరు గల మరొక హెన్రీ ప్లాట్ (1793-1842) 1820 తరువాత ఓల్డ్‌హామ్‌కు తరలివచ్చి, ఎలిజా హిబ్బర్ట్ అనే భాగస్వామితో కలిసి యంత్రాల వ్యాపారం ప్రారంభించాడు. హెన్రీ కుమారులు జోసెఫ్, జాన్ కూడా చేరిన తరువాత ఇది 'హిబ్బర్ట్, ప్లాట్ అండ్ సన్స్' అయింది.

కొద్ది సంవత్సరాల వ్యవధిలోనే ఈ భాగస్వాములలో ముగ్గురు మరణించారు: హెన్రీ 1842లో, జోసెఫ్ 1845లో, హిబ్బర్ట్ 1846లో. మిగిలిన సోదరులు జాన్ ప్లాట్, జేమ్స్ ప్లాట్ బాధ్యత వహించారు. 1854లో హిబ్బర్ట్ కుటుంబపు వాటాను కొనివేసి, సంస్థకు 'ప్లాట్ బ్రదర్స్ అండ్ కంపెనీ' అని పేరుపెట్టారు.

1843 చట్టం - ఎగుమతుల ఆరంభం

ఈ సంస్థ ఎదుగుదలను అర్థం చేసుకోవాలంటే ఒక చట్టం సంగతి తెలియాలి. 18వ శతాబ్దం చివరి దశాబ్దాలలో బ్రిటిష్ ప్రభుత్వం నూలు, నేత యంత్రాలను విదేశాలకు పంపడాన్ని నిషేధించింది. నైపుణ్యం గల పనివారు దేశం విడిచి వెళ్ళడం కూడా నిషిద్ధమే. యంత్రం రహస్యం పొరుగు దేశాలకు తెలిస్తే లాంకషైర్ నూలుకు గిరాకీ పోతుందన్న భయం ఇందుకు కారణం. పనివారి మీద ఉన్న ఆంక్షను 1824లో తొలగించారు. యంత్రాల ఎగుమతిపై నిషేధాన్ని 1843లో పూర్తిగా ఎత్తివేశారు.

నూలు మిల్లుల యజమానులకు ఈ మార్పు అంతగా రుచించలేదు. యంత్రాలు చేసేవారికి మాత్రం ప్రపంచమంతా అంగడి అయింది. నూలు అమ్మే లాంకషైర్, నూలు యంత్రాలు అమ్మే లాంకషైర్ - ఈ రెండింటి ప్రయోజనాలు అప్పటినుండి వేరుపడ్డాయి. 1840లలో ప్లాట్ సోదరులు ఓల్డ్‌హామ్‌లోని వెర్నెత్ ప్రాంతంలో, రైలుమార్గం పక్కన, హార్ట్‌ఫర్డ్ వర్క్స్ అనే కొత్త కర్మాగారాన్ని నిర్మించారు. ఇనుము పోతపోసే శాల, కమ్మరశాల, వడ్రంగశాల, యంత్రభాగాలను కూర్చే శాల అన్నీ క్రమంగా ఇక్కడే వెలిశాయి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో ఈ సంస్థ తన యంత్రాలను ప్రదర్శించింది.

1852 లాకౌటు

బ్రిటిష్ కార్మికోద్యమ చరిత్రలో కూడా ఈ సంస్థకు స్థానం ఉంది. 1851లో యంత్రనిర్మాణ కార్మికుల సంఘాలు కొన్ని కలిసి 'అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్'గా ఏర్పడ్డాయి. అదనపు గంటల పనిని, పనిముక్కల లెక్కన కూలి ఇచ్చే పద్ధతిని ఈ సంఘం వ్యతిరేకించింది. నేర్పరులు చేయవలసిన యంత్రాలపై తక్కువ కూలికి నైపుణ్యం లేనివారిని పెట్టడం మరొక అభ్యంతరం. ఈ వివాదం ముదిరింది ఓల్డ్‌హామ్‌లోని హిబ్బర్ట్, ప్లాట్ కర్మాగారంలోనే.

1852 జనవరిలో లాంకషైర్, లండను ప్రాంతాల యజమానులు ఏకమై కర్మాగారాలకు తాళాలు వేశారు. సుమారు మూడు నెలల తరువాత సంఘం ఓడిపోయింది. సంఘ సభ్యత్వం వదులుకుంటున్నట్లు కాగితం మీద సంతకం చేసినవారినే పనిలోకి తీసుకున్నారు. అయినప్పటికీ సంఘం నశించలేదు, తరువాతి దశాబ్దాలలో బలమైన కార్మిక సంఘాలలో ఒకటిగా నిలిచింది.

జాన్ ప్లాట్

సంస్థకు ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు జాన్ ప్లాట్ (1817-1872). సోదరుడు జేమ్స్ 1857లో ఓల్డ్‌హామ్ నుండి పార్లమెంటుకు ఎన్నికై, అదే సంవత్సరం వేటలో తుపాకి ప్రమాదవశాత్తు పేలి మరణించాడు. జాన్ ఓల్డ్‌హామ్‌కు పలుమార్లు మేయరుగా పనిచేశాడు. 1865 నుండి మరణించే వరకు లిబరల్ పక్షం తరఫున పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. 1868లో సంస్థను పరిమిత బాధ్యత గల కంపెనీగా మార్చాడు. 1872లో పారిస్‌లో మరణించాడు. ఆ తరువాత ఆయన కుమారుడు శామ్యూల్ రాడ్‌క్లిఫ్ ప్లాట్ సంస్థను నడిపాడు.

పనివారికి సాంకేతిక విద్య అవసరమన్నది ప్లాట్ కుటుంబం గుర్తించిన విషయం. ఓల్డ్‌హామ్ లైసియం అనే విద్యాసంస్థకు, దానికి అనుబంధంగా ఏర్పడిన విజ్ఞాన, కళా పాఠశాలకు ఈ కుటుంబం అండగా నిలిచింది. పగలు కర్మాగారంలో పనిచేసే యువకులు సాయంత్రం రేఖాచిత్రణం, గణితం, యంత్రశాస్త్రం నేర్చుకునే అవకాశం వీటివల్ల కలిగింది.

తయారుచేసిన యంత్రాలు

పత్తి వస్త్రంగా మారే క్రమంలో ప్రతి దశకూ ఒక యంత్రం ఉంటుంది. ప్లాట్ సంస్థ ప్రత్యేకత ఈ క్రమం అంతటినీ ఒక్క చేతిమీదుగా సరఫరా చేయగలగడం. ఈ దశలు క్లుప్తంగా ఇవి:

- జిన్ను: గింజ పత్తి నుండి గింజలను వేరుచేసి దూదిని ఇస్తుంది.
- దూదిని విప్పే యంత్రం: బేలులో అణగి ఉన్న దూదిని విడదీసి, దుమ్మును, ఆకుతునకలను దులుపుతుంది.
- కార్డింగు యంత్రం: సన్నని తీగముళ్ళు గల పెద్ద డోలు మీద దూదిని ఏకి, పోగులను ఒక వరుసకు తెస్తుంది. చివర దూది పొడవైన ఏకుగా బయటకు వస్తుంది.
- డ్రాయింగు, స్లబ్బింగు, రోవింగు యంత్రాలు: ఏకును క్రమంగా సాగదీసి, కొద్దిపాటి పురి ఇస్తాయి.
- వడికే యంత్రం: కదుళ్ళ మీద చివరి పురి ఎక్కించి నూలు తీస్తుంది. మ్యూల్, రింగు అని ఇందులో రెండు ముఖ్యమైన రకాలు.
- మరమగ్గం: పడుగు, పేకలను కలిపి వస్త్రం నేస్తుంది.

మ్యూల్ యంత్రాన్ని 1779లో శామ్యూల్ క్రాంప్టన్ రూపొందించాడు. అంతకుముందున్న రెండు రకాల యంత్రాల లక్షణాలు కలిసినది కనుక దానికి కంచరగాడిద అనే అర్థమిచ్చే ఆ పేరు వచ్చింది. దీన్ని మనిషి నెట్టకుండానే తనంతట తాను నడిచేటట్లు రిచర్డ్ రాబర్ట్స్ 1825-1830 మధ్యకాలంలో మార్చాడు. ప్లాట్ సంస్థ ఈ స్వయంచాలక మ్యూల్‌ను మెరుగుపరచి వేల సంఖ్యలో తయారుచేసింది. గొప్ప ఆవిష్కరణల కంటే, ఇతరులు కనిపెట్టినదాన్ని దోషాలు తీసి, కొలతలు తప్పకుండా, ఒకే తీరుగా మళ్ళీమళ్ళీ తయారుచేయడంలోనే ఈ సంస్థ బలం ఉంది. విరిగిన భాగం స్థానంలో ఓల్డ్‌హామ్ నుండి వచ్చిన కొత్త భాగం సరిగ్గా అమరేది. వేల మైళ్ళ దూరంలో మిల్లు నడిపేవారికి ఇది చాలా ముఖ్యం.

ఈ యంత్రాలు ఓల్డ్‌హామ్‌ను కూడా మార్చివేశాయి. 1911 నాటికి ఆ పట్టణంలోని మిల్లులలో దాదాపు 1 కోటి 60 లక్షల కదుళ్ళు ఉండేవి. ప్రపంచంలో మరే పట్టణంలోనూ అన్ని కదుళ్ళు లేవు.

రోలరు జిన్ను

భారతదేశంతో ఈ సంస్థకు గల సంబంధంలో జిన్నుది ప్రత్యేక స్థానం. పత్తిలో గింజకు పోగు గట్టిగా అంటుకుని ఉంటుంది. పూర్వం మన దేశంలో గింజలు తీయడానికి రెండు పద్ధతులు ఉండేవి. చదునైన రాతిమీద పత్తి పరచి, దానిపై ఇనుప కడ్డీని పాదంతో దొర్లించడం ఒకటి. ఒకదానికొకటి ఆనుకుని తిరిగే రెండు రోళ్ళ మధ్య పత్తిని పెట్టి చేతితో తిప్పే చరఖా రెండవది. రెండూ ఎక్కువగా స్త్రీలు చేసే పనులే. పని నెమ్మదిగా సాగేది కాని పోగు తెగేది కాదు.

అమెరికాలో ఎలీ విట్నీ 1793లో రంపపుపళ్ళ జిన్నును కనిపెట్టాడు. ఇందులో పళ్ళు గల చక్రాలు పోగును లాగితే గింజ అవతలే ఆగిపోతుంది. పని వేగంగా జరుగుతుంది. 1840లో ఈస్టిండియా కంపెనీ కొందరు అమెరికను పత్తి సాగుదారులను ఈ జిన్నులతో సహా మన దేశానికి రప్పించింది. మద్రాసు రాజధానిలో కోయంబత్తూరు ప్రాంతంలో డాక్టర్ రాబర్ట్ వైట్ పర్యవేక్షణలో ప్రయోగాలు జరిగాయి. అయితే దేశవాళీ పత్తి పోగు పొట్టిది, గింజను గట్టిగా పట్టుకుని ఉండేది. రంపపుపళ్ళు దాన్ని తెంపివేసేవి. అమెరికను రకం పత్తి నాటుకున్న ధార్వాడ ప్రాంతంలో తప్ప రంపపు జిన్ను అంతగా నిలదొక్కుకోలేదు.

ఈ చిక్కును తీర్చింది మరొక అమెరికనైన ఫోన్స్ మెకార్తీ 1840లో పేటెంటు పొందిన రోలరు జిన్ను. దాని పనితీరు ఇది. తోలు తొడిగిన ఒక రోలరు తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనించి ఒక కత్తి కదలకుండా అమర్చి ఉంటుంది. గరుకైన తోలు పత్తి పోగును పట్టి, కత్తికీ రోలరుకూ మధ్యనున్న సందులోకి లాగుతుంది. గింజ ఆ సందులో దూరలేక కత్తి అంచు వద్ద ఆగిపోతుంది. అప్పుడు పైకీ కిందికీ ఆడుతున్న రెండవ కత్తి ఆ గింజను కొట్టి పోగు నుండి విడదీస్తుంది. గింజ కింది జల్లెడగుండా రాలిపోతుంది, దూది అవతలికి వస్తుంది. రంపం లేదు గనుక పోగు తెగదు. చరఖాలోని కిటుకునే ఆవిరియంత్రపు వేగానికి తగినట్లు మార్చినదిగా దీన్ని భావించవచ్చు.

ఓల్డ్‌హామ్‌లో ప్లాట్ సంస్థ మెకార్తీ జిన్నును ఒంటి రోలరు, జంట రోలరు రకాలుగా తయారుచేసి ఈజిప్టుకు, భారతదేశానికి పంపింది. జంట రోలరు జిన్నులో రెండు తోలు రోలర్ల మధ్య ఒకే కొట్టుడు కత్తి ఆడుతుంది. అది ఇటు వెళ్ళినపుడు ఒక రోలరు వద్ద, అటు వెళ్ళినపుడు రెండవ రోలరు వద్ద గింజలు విడిపోతాయి. ఒకే కదలికకు రెట్టింపు పని జరుగుతుంది.

పత్తి కరువు - ఆంధ్ర తీరం

అమెరికా అంతర్యుద్ధానికి ముందు బ్రిటను దిగుమతి చేసుకునే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా నుండే వచ్చేది. ఇలా ఒక్క దేశంపై ఆధారపడటం ప్రమాదమని తలచిన మాంచెస్టరు వర్తకులు 1857లోనే 'కాటన్ సప్లై అసోసియేషన్' స్థాపించి, ఇతర దేశాలలో పత్తి సాగును ప్రోత్సహించడానికి పూనుకున్నారు. 1861లో యుద్ధం మొదలై అమెరికా దక్షిణ రాష్ట్రాల రేవులు దిగ్బంధానికి గురికావడంతో లాంకషైర్‌లో మిల్లులు మూతపడ్డాయి, లక్షలమంది పని కోల్పోయారు. 1861-1865 మధ్యకాలాన్ని చరిత్రలో 'పత్తి కరువు' అంటారు.

లాంకషైర్ కరువు భారతదేశంలో పత్తి ధరలను ఆకాశానికెత్తింది. తెలుగు తీరంలో కాకినాడ రేవు పెరుగుదలకు ఈ యుద్ధకాలపు పత్తి వ్యాపారమే ముఖ్యకారణం. గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాల పత్తి కాకినాడ నుండి ఓడలకెక్కేది. అందువల్ల ఎర్రని ఛాయ గల ఈ ప్రాంతపు దేశవాళీ పత్తికి వ్యాపారంలో 'కోకనాడ' అన్న పేరే స్థిరపడింది. కర్నూలు, నంద్యాల పత్తిని 'నార్దరన్స్' అనీ, బళ్ళారి, అనంతపురం పత్తిని 'వెస్టరన్స్' అనీ పిలిచేవారు.

పల్నాడు సీమ అప్పట్లో కృష్ణా జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడినపుడు అందులో చేరింది. వాననీటిపై ఆధారపడిన ఈ నల్లరేగడి నేలలలో జొన్నతోపాటు పత్తి కూడా పండేది. 1865లో అమెరికా పత్తి మళ్ళీ రావడం మొదలవగానే ధరలు కూలిపోయాయి. అయితే ఎగుమతి కోసం పత్తి పండించడం, దాన్ని యంత్రంతో శుభ్రపరచి బేళ్ళుగా నొక్కడం ఆగిపోలేదు. బళ్ళారి వైపు నుండి నంద్యాల, వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల మీదుగా బెజవాడ దిశగా మీటరుగేజి రైలుమార్గం 1890 ప్రాంతానికి పూర్తికావడంతో పత్తి వ్యాపారం రైలు స్టేషన్ల చుట్టూ కుదురుకున్నది. 1930 ప్రాంతంలో గుంటూరు నుండి మాచర్లకు రైలు వచ్చింది.

ఈ మార్పులో నష్టపోయినవారు కూడా ఉన్నారు. ఇంటివద్ద చరఖా తిప్పి గింజలు తీసే స్త్రీలు, రాట్నంపై నూలు వడికే స్త్రీలు తమ పని కోల్పోయారు. మగ్గం నిలిచింది కాని, దానిపైకి ఎక్కే నూలు మాత్రం క్రమంగా మిల్లు నూలు అయింది. పల్లె పత్తి ఓల్డ్‌హామ్ చేరి నూలై, వస్త్రమై తిరిగివచ్చే ఈ చక్రాన్నే 1921 తరువాత ఖద్దరు ఉద్యమం ప్రశ్నించింది.

భారతీయ మిల్లులు

జిన్నుతోపాటు వడికే యంత్రాలకు కూడా ప్లాట్ సంస్థకు భారతదేశం పెద్ద అంగడి. కావస్‌జీ నానాభాయి దావర్ 1854లో స్థాపించిన 'బొంబాయి స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ' మిల్లు 1856లో పని ప్రారంభించింది. దీనికి యంత్రాలు ఓల్డ్‌హామ్ నుండి ప్లాట్ సంస్థ పంపింది. బొంబాయి, అహమదాబాదులలో వెలసిన తరువాతి మిల్లులు కూడా ప్రధానంగా లాంకషైర్ యంత్రాలనే కొన్నాయి. తెలుగు ప్రజలుండే ప్రాంతాలలో హైదరాబాదు నగరంలో 1877లో నూలు మిల్లు ఏర్పడింది. 1900 నాటికి దేశంలో సుమారు 190 మిల్లులు, దాదాపు 50 లక్షల కదుళ్ళు ఉండేవి.

ఇంత పెద్ద పరిశ్రమ ఏర్పడినా, వడికే యంత్రాన్ని దేశంలోనే తయారుచేసే ప్రయత్నం చాలాకాలం జరగలేదు. యంత్రాలు, వాటి విడిభాగాలు, తొలిరోజులలో వాటిని నడిపించే మేస్త్రీలు కూడా లాంకషైర్ నుండే వచ్చేవారు. రైలుసామాను మీద, యంత్రాల మీద దిగుమతి సుంకం నామమాత్రంగా ఉండటంతో, ఇక్కడ తయారీకి పూనుకునేవారికి రక్షణ లేకపోయింది. వస్త్రపరిశ్రమ యంత్రాల కోసం బిర్లాల టెక్స్‌మాకో 1939లోను, కోయంబత్తూరులో లక్ష్మీ మెషిన్ వర్క్స్ 1962లోను ఏర్పడేవరకు మన దేశం ప్రధానంగా కొనుగోలుదారుగానే ఉండిపోయింది.

జపాను అనుభవం

ఇదే సంస్థ నుండి యంత్రాలు కొన్న జపాను మార్గం వేరుగా సాగింది. దక్షిణ జపానులోని సత్సుమా ప్రభువులు 1865లో తమ మనుషులను ఇంగ్లాండుకు పంపి, ప్లాట్ సంస్థ వద్ద యంత్రాలు కొనిపించారు. 1867లో కగోషిమాలో జపాను దేశపు తొలి ఆధునిక నూలు మిల్లు ప్రారంభమైంది. అప్పటి ప్లాట్ యంత్రాలు నేటికీ కగోషిమాలోని ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. 1883లో ప్రారంభమైన ఒసాకా నూలు మిల్లు 10,500 కదుళ్ళ ప్లాట్ మ్యూళ్ళతో పనిచేసి లాభాలు గడించింది. 1880ల చివర జపాను మిల్లులు మ్యూల్‌ను వదిలి, తక్కువ నైపుణ్యంతో నడపగల రింగు యంత్రాలకు మారినపుడు, వాటిని కూడా అధికంగా సరఫరా చేసినది ప్లాట్ సంస్థే.

జపానువారు యంత్రాలు కొంటూనే వాటి తయారీని కూడా నేర్చుకున్నారు. వడ్రంగి కుటుంబంలో పుట్టిన సకిచి టొయోడా (1867-1930) మగ్గాలను మెరుగుపరుస్తూ, 1924లో 'జి' రకం స్వయంచాలక మగ్గాన్ని సిద్ధం చేశాడు. నాడెలో పేక నూలు అయిపోగానే, మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి చేరడం దీని విశేషం. ఆయన కుమారుడు కీచిరో 1922లో ఓల్డ్‌హామ్‌కు వచ్చి ప్లాట్ కర్మాగారంలో పని తీరును పరిశీలించాడు. ఏడేళ్ళ తరువాత, 1929 డిసెంబరులో, అదే ప్లాట్ సంస్థ టొయోడా మగ్గం పేటెంటు హక్కులను 1,00,000 పౌండ్లకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. గురువు శిష్యుని వద్దకు వచ్చినట్లయింది. ప్లాట్ తయారుచేసిన ఈ మగ్గాలకు ఆశించిన అమ్మకాలు రాలేదు. ఒప్పందపు మొత్తాన్ని కూడా తరువాత తగ్గించారు. ఈ సొమ్ముతోనే కీచిరో మోటారు కార్ల ప్రయోగాలు మొదలుపెట్టాడని ప్రతీతి. టొయోటా మోటారు కంపెనీ 1937లో ఏర్పడింది.

క్షీణత

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత లాంకషైర్ వస్త్రాలకు భారతదేశంలోను, చైనాలోను గిరాకీ తగ్గింది. స్వదేశంలో కొత్త మిల్లులు లేవు. విదేశాలలో పోటీ పెరిగింది. 1931లో ప్లాట్, హోవార్డ్ అండ్ బుల్లో, డాబ్సన్ అండ్ బార్లో, ఏసా లీస్, బ్రూక్స్ అండ్ డాక్సీ మొదలైన పాత ప్రత్యర్థులు 'టెక్స్‌టైల్ మెషినరీ మేకర్స్' అనే సంస్థ కింద ఒక్కటయ్యారు. 1958లో ఇది మరో ఇంజనీరింగు సంస్థతో కలిసి 'స్టోన్-ప్లాట్ ఇండస్ట్రీస్' అయింది.

ఈలోగా స్విట్జర్లాండు, జర్మనీ, జపాను సంస్థలు మరింత వేగంగా నడిచే యంత్రాలతో ముందుకు వచ్చాయి. 1982లో స్టోన్-ప్లాట్ అప్పుల భారంతో కుప్పకూలి రిసీవరు చేతికి వెళ్ళింది. ఒకప్పుడు పట్టణంలోని వేలాది కుటుంబాలకు జీవనాధారమైన కర్మాగారం అలా మూతపడింది.

నేటి పల్నాడులో జిన్నింగు

నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలయింది. కుడికాలువ నీరు పల్నాడు పొలాలకు చేరింది. 1970లలో పొడవు పింజ రకాలు, హైబ్రిడ్ పత్తి రంగప్రవేశం చేసి ఎర్రఛాయ గల పాత దేశవాళీ పత్తిని దాదాపు తుడిచిపెట్టాయి. 1987-88లో తెల్లదోమ తాకిడికి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పైరు దెబ్బతిని, అప్పులపాలైన రైతులు పలువురు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి లభించింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది.

విత్తనం మారింది, నీరు వచ్చింది, జిల్లా మారింది. గింజ తీసే పద్ధతి మాత్రం మారలేదు. దేశంలో అధికభాగం పత్తిని నేటికీ జంట రోలరు జిన్నులతోనే శుభ్రపరుస్తున్నారు. ఆవిరియంత్రం స్థానంలో విద్యుత్ మోటారు వచ్చింది. ఈ జిన్నులను ఇప్పుడు నాగపూరులోను, గుజరాతులోను ఉన్న భారతీయ సంస్థలు తయారుచేసి విదేశాలకు కూడా ఎగుమతి చేస్తున్నాయి. 100 కిలోల గింజ పత్తిని జిన్ను ఆడిస్తే సుమారు 33 నుండి 36 కిలోల దూది వస్తుంది. మిగిలినదానిలో అధికభాగం గింజ. గింజ నుండి నూనె, పశువులకు చెక్క లభిస్తాయి. దూదిని 170 కిలోల బేళ్ళుగా నొక్కుతారు. వ్యాపారపు లెక్క మాత్రం నేటికీ 784 పౌన్ల, అంటే దాదాపు 356 కిలోల క్యాండీలలోనే సాగుతుంది.

రోలరుపై తొడిగే తోలు క్రోమియం లవణాలతో పదును చేసినది. అది అరిగినకొద్దీ ఆ ధూళి దూదిలోను, పనివారు పీల్చే గాలిలోను కలుస్తుంది. జిన్నింగు మిల్లులలో పనిచేసేవారిలో స్త్రీలే అధికం. దూదిదుమ్ము వల్ల వారికి ఊపిరితిత్తుల వ్యాధులు వచ్చే ప్రమాదం ఉంది. తోలుకు బదులు రబ్బరు పూత గల రోలర్లను పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. 2000లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన పత్తి సాంకేతిక మిషన్ కింద అనేక జిన్నింగు మిల్లుల ఆధునికీకరణ జరిగింది.

ప్రాముఖ్యత

ప్లాట్ బ్రదర్స్ చరిత్రనుండి విద్యార్థులు గ్రహించదగిన విషయం ఒకటి ఉంది. యంత్రాన్ని కొన్న ప్రతి దేశమూ ఉత్పత్తి పెంచుకోగలిగింది. కాని యంత్రాన్ని విప్పి, తెలుసుకుని, తిరిగి తయారుచేసిన దేశమే తరువాతి దశకు చేరగలిగింది. డాబ్‌క్రాస్ కమ్మరి నుండి ఓల్డ్‌హామ్‌కు, ఓల్డ్‌హామ్ నుండి జపానుకు నైపుణ్యం అలాగే ప్రయాణించింది. శతాబ్దానికి పైగా పత్తిని అమ్మి యంత్రాలను కొన్న మన దేశం, జిన్ను విషయంలోనైనా కొనేస్థితి నుండి అమ్మేస్థితికి చేరుకోవడం గమనించదగినది.

కాలక్రమం

- 1770: డాబ్‌క్రాస్‌లో హెన్రీ ప్లాట్ ఏకుడు సాధనాల తయారీ
- 1840: మెకార్తీ రోలరు జిన్నుకు పేటెంటు
- 1843: బ్రిటనులో యంత్రాల ఎగుమతిపై నిషేధం తొలగింపు
- 1852: ఇంజనీరింగు కార్మికుల లాకౌటు
- 1854: 'ప్లాట్ బ్రదర్స్ అండ్ కంపెనీ' పేరు స్థిరపడింది
- 1861-1865: పత్తి కరువు
- 1867: కగోషిమా మిల్లు ప్రారంభం
- 1868: పరిమిత కంపెనీగా మార్పు
- 1872: జాన్ ప్లాట్ మరణం
- 1929: టొయోడా మగ్గం పేటెంటు ఒప్పందం
- 1931: టెక్స్‌టైల్ మెషినరీ మేకర్స్‌లో విలీనం
- 1958: స్టోన్-ప్లాట్ ఇండస్ట్రీస్ ఏర్పాటు
- 1982: స్టోన్-ప్లాట్ పతనం